ఒక్కసారి విప్పే మూట

నా భార్య తన టికెట్ కొనేసుకుంది. నాది మాత్రం నా బ్యాగు చూశాక కొంటానంది.

ఇది పరాచికం కాదు. ఆరు నెలలు దేశాలు తిరగాలన్నది ఆవిడ కోరిక. వీపున ఒక్కొక్క బ్యాగే ఉండాలి, చేతుల్లో ఏమీ ఉండకూడదు, అది ఏడు కిలోలు దాటకుండా విమానంలో తల మీది అరలో పట్టాలి, ఎక్కడ దిగినా ఎవరి సాయమూ లేకుండా నడిచి పోగలగాలి. ఆవిడ నీటి సరఫరా శాఖలో ఫిర్యాదుల ఫోన్లు తీస్తుంది. ఏళ్ళ తరబడి అదే కుర్చీ, చెవులకు అదే హెడ్‌ఫోను, అవతల కుళాయి రావడం లేదని అరిచే ఊరు మొత్తం. జీతం లేని సెలవు కోసం ఎన్ని గదుల ముందు నిలబడిందో నాకు తెలుసు. సెలవు మంజూరైన రోజు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా మంచం మీద వెల్లకిలా పడి, పైకప్పు చూస్తూ నవ్వింది. ఆ నవ్వులో నేను ఉన్నానా లేనా అని అప్పుడే ఒక చిన్న అనుమానం వచ్చింది. దాన్ని పక్కన పెట్టాను. పక్కన పెట్టడం నాకు బాగా వచ్చిన పని.

షరతుకు కారణం ఉంది. అంతకుముందు మేము చేసిన చిన్న చిన్న ప్రయాణాల్లో నా సామాను సగం దారిలోనే ఆవిడ భుజానికి చేరేది. చివరిసారి ఆ భుజం పట్టేసి, తిరిగొచ్చాక చాలా రోజులు జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోలేకపోయింది.

"ఈసారి నీ భయాలు నేను మొయ్యను" అంది.

"భయాలేంటి? అవి స్వెట్టర్లు."

"అదే చెప్తున్నా."

నవ్వొచ్చే విషయమేమంటే, నా ఉద్యోగమే సర్దడం. ప్రయోగశాలలకు గాజు సామాను తయారుచేసే కార్ఖానాలో ప్యాకింగు గదిలో పనిచేస్తాను. సన్నని మెడల జాడీలు, ఊపిరి తగిలితే విరుగుతాయేమో అనిపించే గొట్టాలు నా చేతుల మీదుగా అట్టపెట్టెల్లోకి వెళ్ళి, ఓడలెక్కి, నేనెప్పుడూ చూడని ఊళ్ళలో దిగుతాయి. మా మేస్త్రిది ఒకటే సూత్రం: పెట్టె మాట్లాడకూడదు. మూత వేసి టేపు అంటించాక పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. లోపల చీమ కదిలినంత చప్పుడైనా మళ్ళీ విప్పించేస్తాడు. ఖాళీ ఉన్న చోటే పగులు పుడుతుంది. అందుకని కాగితపు తురుము, స్పాంజి ముక్క, ఏది దొరికితే అది కూరి, వస్తువుకూ వస్తువుకూ మధ్య గాలి కూడా మిగలకుండా చెయ్యాలి. నా పెట్టెలు మాట్లాడవు. వాటికి మంచి పేరుంది.

అలాంటివాడికి ఒక బ్యాగు సర్దడం రాలేదు.

మొదటి పరీక్షకు మా మరదలు వచ్చింది. నా భార్యకు చెల్లెలు, వ్యాయామశాలలో శిక్షకురాలు, ఎవరి బరువైనా తన సొంత విషయం అనుకునే రకం. చేతికి వేలాడే కొక్కెం త్రాసు తెచ్చింది. నా బ్యాగు తగిలించి ఎత్తబోయి, ఎత్తలేక, మోకాలి సాయం తీసుకుంది.

"అక్కా, ఇందులో ఇంకెవర్నో కూడా తీసుకెళ్తున్నాడు మీ ఆయన."

"విప్పి చూడు" అంది నా భార్య కుర్చీలోంచి లేవకుండానే.

మరదలు ఒక్కొక్కటీ తీసి మంచం మీద పరవడం మొదలుపెట్టింది. "ఇదేంటి బావా?"

"టార్చి."

"మరి ఇది?"

"అది పాడైతే..."

"ఇది కూడా పాడైతే?"

మూడోది ఉన్న పక్క జేబు వైపు చూడకుండా ఉండలేకపోయాను. ఆ అమ్మాయి నా చూపు వెంటే వెళ్ళి జేబులో చెయ్యి పెట్టి దాన్ని బయటకు లాగింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే మూడు టార్చీలనూ దగ్గరికి లాక్కున్నాను.

ఆ తర్వాత రోజూ సాయంత్రం పని నుంచి రాగానే అదే తంతు. విప్పడం, తీసెయ్యడం, సర్దడం, తూచడం. ముల్లు ఏడు కిలోల గీత దాటి అక్కడే నిలబడేది, నిమ్మకు నీరెత్తినట్టు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. తీసేస్తూనే ఉన్నాను కదా. ఒక రోజు నా చేతులను నేనే గమనించాను, పరాయివాడి చేతులను చూసినట్టు. మందపాటి చొక్కా ఒకటి తీసి మంచం మీద పడేశాయి. దాని చోట గుంట ఏర్పడింది. పక్కనున్న సబ్బుపెట్టె ఆ గుంటలోకి జారింది. వెంటనే నా కుడిచెయ్యి, నన్ను అడక్కుండానే, మంచం మీంచి ఒక జత మేజోళ్ళూ మఫ్లరూ తీసి ఆ గుంటలో కూరేసింది. తర్వాత అరచేత్తో ఒత్తి చూసుకుంది. మెత్తగా, గట్టిగా, నిండుగా ఉంది. చేతికి హాయిగా ఉంది. ఆ హాయి కోసమే ఇదంతా చేస్తున్నానేమో అనిపించి విసుగేసింది. చొక్కా తీసి చొక్కాకు సరిపడా మేజోళ్ళు పెట్టేవాణ్ణి ఏ త్రాసు బాగుచేస్తుంది?

నా భార్య బ్యాగు గోడకు ఆనించి ఉండేది. సగం ఖాళీ. పైభాగం మడతపడి, మెడ వాల్చి నిద్రపోతున్న మనిషిలా ఉండేది. దాన్ని చూస్తే నాకు పళ్ళు జివ్వుమనేవి. ఆవిడ లేనప్పుడు ఒకసారి దగ్గరకెళ్ళి ఊపాను. లోపల అన్నీ దొర్లాయి. గిన్నె, చెంచా, దువ్వెన, ఏవో బిళ్ళలు. ఇంత చప్పుడు చేసేదాన్ని వీపుకు తగిలించుకుని మనిషి ఎలా నడుస్తుంది?

"ముట్టుకోకు" అంది గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చిందో తెలీదు.

"ముట్టుకోలేదు. ఊపానంతే."

"సరేనండీ. మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం. మా సిబ్బంది త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తారు."

కోపం వస్తే ఆవిడ నన్ను మీరంటుంది. ఆఫీసు గొంతు పెడుతుంది. ఊరందరి తిట్లూ అదే గొంతుతో ఓపిగ్గా విని ఇంటికొచ్చే మనిషి దగ్గర ఇక నాకోసం ఏ ఓపిక మిగులుతుందని అడగలేను. అడిగినా అదే గొంతుతో జవాబొస్తుంది.

కార్ఖానాలో మేస్త్రికి చెప్పుకున్నాను. ఆయన ఒక పెట్టె ఊపుతూ సగం చెవితోనే విన్నాడు.

"ఆరు నెల్లకి ఒక్క బ్యాగా? అయితే వారానికే తిరిగొచ్చేస్తావులే."

"నవ్వులాట కాదు మేస్త్రీ. బరువు తగ్గట్లేదు."

"బరువు తగ్గాలంటే గాజు తగ్గించుకోవాలిరా. తురుము జోలికెళ్ళకూడదు. తురుము తగ్గిస్తే చచ్చామే."

మధ్యాహ్నమంతా ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. నా బ్యాగులో ఉన్నదంతా తురుమే. స్వెట్టర్లు, తువ్వాళ్ళు, టార్చీలు, కుట్టుసామాను, కడుపునొప్పి మందులు, ఆ మందులు పడకపోతే వేసుకునే మందులు. గాజు ఎక్కడుంది? ఇంత తురుము దేని చుట్టూ కూరుతున్నాను? జవాబు తెలిసినట్టే ఉంది. చేతిలో పనుంది కాబట్టి ఆలోచన అక్కడితో ఆపాను.

ఆపి, ఒక ఉపాయం కనిపెట్టాను. మా దగ్గర స్పాంజిని గాలి తీసి పలచగా నొక్కే సంచులుంటాయి. మేస్త్రిని అడిగి కొన్ని తెచ్చుకున్నాను. ఒక శనివారం పూట గది తలుపేసుకుని, ఇంట్లో సర్దుతున్నానని మరిచిపోయి, కార్ఖానాలో సర్దినట్టు సర్దాను. బట్టలన్నీ గాలి తీస్తే అట్టముక్కల్లా అయ్యాయి. రెండు టార్చీలు తీసేశాను. తీసేసిన చోటును పూడ్చడానికి కొత్త వస్తువు పెట్టకుండా, ఉన్నవాటినే తిప్పి, ఒకదాని వంపులో ఇంకొకటి కూర్చోబెట్టాను. వానకోటును మడిచి అడుగునా చుట్టూ గోడల్లా అమర్చాను. దానికంటే మంచి మెత్త ఇంకేముంది? జిప్పు ఒక్క లాగుకే పడింది. ఎత్తి చెవి దగ్గర ఊపాను. నిశ్శబ్దం. కొక్కేనికి తగిలించాను. ముల్లు గీతకు ఇవతలే ఆగింది.

నా భార్య వచ్చి బ్యాగును ఒక్క చేత్తో పైకి లేపింది. ఆవిడ ముఖంలో అంత ఆశ్చర్యం నేను ఈమధ్య చూడలేదు.

"నిజంగానా?"

"తూచుకో."

"అక్కర్లేదు." భుజాన వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. "రేపొక్కసారి ఊళ్ళో తిరిగొద్దాం, కొత్త ఊళ్ళో దిగినట్టు. ఎల్లుండి నీ టికెట్ కొనేస్తా." తర్వాత, బ్యాగు దించుతూ, నన్ను చూడకుండా అంది: "నువ్వు రావేమో అనుకున్నా తెలుసా."

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. నిద్ర అంత హాయిగా ఎందుకు పట్టిందా అని అనుమానించాల్సింది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. వీధి చివర దాకా నడిచి, బస్సెక్కి, ఊరికి రెండో కొసన దిగి, మెట్లదారి ఎక్కి దిగాం. బ్యాగు వీపుకు అతుక్కుపోయి ఒక్క ముక్కలా వచ్చింది. నా భార్య బ్యాగు మాత్రం అడుగడుగుకీ గలగలమంటోంది. లోలోపల గర్వపడ్డాను, ఎందుకు దాచాలి. దార్లో ఆవిడ బ్యాగు దించకుండానే వెనక్కి చెయ్యి పెట్టి సీసా తీసి నీళ్ళు తాగింది. టోపీ తీసి పెట్టుకుంది, మళ్ళీ లోపల తోసేసింది. నాకూ దాహం వేసింది. ఇంటికెళ్ళి తాగొచ్చులే అనుకున్నాను.

తిరుగు బస్సు కోసం షెల్టరు కిందికి చేరేసరికి వాన మొదలైంది. షెల్టరు రేకుకు ఒక పక్కంతా చిల్లులు. నా భార్య బ్యాగు పైజేబులోంచి వానకోటు లాగి తొడుక్కుంది.

"నువ్వూ వేసుకో."

నేను కదల్లేదు.

"తడుస్తున్నావు. కోటు తేలేదా?"

"తెచ్చాను. చుట్టూ వేశాను."

"దేని చుట్టూ?"

"అన్నిటి చుట్టూ."

ఆవిడ నన్ను ఒక క్షణం చూసింది. "అయితే అన్నీ తియ్యి" అంది.

బ్యాగు బెంచీ మీద పెట్టి జిప్పు తీశాను. గాలి తీసిన సంచులు జారి కింద పడకుండా ఒకదాని మీద ఒకటి పేర్చాను. కోటు అడుగు పొర బయటకు లాగుతుంటే ఒక సంచి మూతి ఊడింది. లోపలి బట్టలు ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బాయి. దాన్ని మోకాలితో నొక్కుతుంటే రెండోది ఊడింది. నా తువ్వాలు, నా బనియన్లు, నా మఫ్లరు షెల్టరంతా పరుచుకున్నాయి. ఇల్లు పీకి పందిరి వెయ్యడమంటే ఏమిటో జనం చూస్తుండగా చేసి చూపించాను. పక్కన గొడుగుతో కూర్చున్న ముసలావిడ ఆసక్తిగా ముందుకు వంగింది.

"దుకాణం పెట్టావా నాయనా? ఆ తువ్వాలెంత?"

"అమ్మకానికి కాదండీ."

"మరి పరిచావెందుకూ?"

బస్సొచ్చింది. ముసలావిడ ఎక్కింది. నా భార్య ఎక్కలేదు. నేను కోటు తొడుక్కుని, మళ్ళీ సర్దడం మొదలుపెట్టాను. కోటు లేకపోతే గోడల్లేవు, గోడల్లేకపోతే దేన్నీ ఆనించలేను. ఉబ్బిన బట్టలు సగం బ్యాగును మింగేశాయి. మిగిలినవి బెంచీ మీద కుప్పగా ఉన్నాయి. ఇంకో బస్సొచ్చి ఆగి వెళ్ళిపోయింది. నా భార్య ఏమీ అనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండేది. ఆఫీసు గొంతుతోనైనా.

తడి మేజోడు ఒకటి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నేను పెట్టెలు సర్దేది ఒక్కసారి విప్పడానికి. ఇక్కడ మూస్తాను, అక్కడెవరో విప్పుతారు, ఆ మధ్యలో దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మధ్యలో విప్పాల్సివచ్చిందంటే ఎక్కడో ఏదో చెడిందనే. ఆ మధ్యలోనే ఉండాలని మా ఆవిడ ఆరు నెలల సెలవు తెచ్చుకుంది. రోజుకు పదిసార్లు విప్పడం, మూయడం, పోగొట్టుకోవడం, వెతుక్కోవడం. నేను సర్దింది ప్రయాణానికి కాదు. ఇంటి నుంచి ఇంటికి చేరడానికి.

కోపం ముంచుకొచ్చింది. మేజోడును, మఫ్లరును, ఏది దొరికితే దాన్ని బ్యాగులో కుక్కడం మొదలుపెట్టాను. జిప్పు పడలేదు. బలంగా లాగాను. "దరిద్రపు బ్యాగు! ఎవడు చేశాడో గాని..."

"ఆగు" అంది నా భార్య. వచ్చి బెంచీ మీద, నా బనియన్ల పక్కన కూర్చుంది. "నీకు రావాలనుందా?"

"సర్దుతున్నాగా!"

"సర్దుడు సంగతి అడగలేదు."

ఇన్ని వారాల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. బరువెంత అని అడిగారు, టార్చీలెన్ని అని అడిగారు. వాటికి జవాబులు వెతుక్కుంటూ నేను ఎంత సుఖంగా గడిపానో ఆ క్షణంలో తెలిసింది. ఉందని చెప్పడానికే నోరు తెరిచాను.

"లేదు" అన్నాను. "నీతో ఉండాలనుంది. వెళ్ళాలని లేదు."

వాన రేకు మీద పడుతోంది. ఆవిడ తన చేతులను చూసుకుంది.

"ఈ ముక్క చెప్పడానికి ఇన్నాళ్ళా?"

"నాకూ ఇప్పుడే తెలిసింది."

"అబద్ధం."

"కాదు."

"పోనీ నిజమే అనుకుందాం. అయితే ఇంకా ఘోరం. రోజూ సాయంత్రం ఆ త్రాసు ముందు నన్ను కూర్చోబెట్టి... నువ్వు బరువుతో కొట్టుకుంటున్నావని నేను జాలిపడ్డాను. చెల్లి నవ్వుతుంటే ఇంక చాల్లేవే అని తిట్టాను కూడా." నా బనియన్లను పక్కకు తోసింది. "వద్దు అని ఒక్క మాటంటే అయిపోయేది. అదనడం చేతగాక ఒక బ్యాగు చేత అనిపించావు."

మూడో బస్సు మలుపు తిరిగి వస్తోంది.

"పోనీ వస్తాలే" అన్నాను. "ఇష్టం లేకపోయినా వస్తాను. అలవాటవుతుంది."

"ఆ లేని ఇష్టాన్ని కూడా నేనే మొయ్యాలా?" లేచి బ్యాగు తగిలించుకుంది. "ఎక్కుతావా?"

నా సామాను సగం బెంచీ మీదే ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఒక చేత్తో బ్యాగునూ ఇంకో చేత్తో బట్టలనూ ఎత్తబోయాను. కుట్టుసామాను పెట్టె జారి రోడ్డు మీద పగిలి, దారపు కండెలు నీళ్ళల్లో దొర్లుకుంటూ పోయాయి. వాటి కోసం వంగాను. తలెత్తేసరికి బస్సు కదిలిపోయింది. ఆవిడ వెనక సీట్లో కూర్చోవడం కనిపించింది. వెనక్కి తిరిగి చూసిందో లేదో అద్దం మీది నీళ్ళల్లో తెలియలేదు.

ఇంట్లో గొడవేమీ కాలేదు. అదే భరించడం కష్టమైంది. నా టికెట్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మరదలు ఒకసారి వచ్చి, "బావా, నీకు టేపు చుట్టి పార్సిలు చేస్తే పోలా?" అంది గాని, అక్క నవ్వకపోయేసరికి తనూ ఆపేసింది. మొదటి వారమైనా తోడొస్తానని ఒకరోజు అడిగాను. మొదటి వారమే తనకు ఒంటరిగా కావాలంది ఆవిడ. "తర్వాత?" అన్నాను. "తర్వాత సంగతి నాకు తెలీదు. అలిగి చెప్పట్లేదు. నిజంగా తెలీదు" అంది. తెలియకపోవడాన్ని అంత తేలిగ్గా నోటితో చెప్పగల మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి, అందులో పిసరంతైనా నేర్చుకోలేదు.

బయల్దేరే రోజు పొద్దున మరదలు ఆటో తెచ్చింది. విమానాశ్రయానికి తనే తీసుకెళ్తానంది. నేను బ్యాగు కింది దాకా తెస్తానన్నాను.

"వద్దు."

"మెట్లే కదా."

"మెట్లు కూడా ప్రయాణమే." గుమ్మం దగ్గర ఆగి నా చొక్కా కాలరు సరిచేసింది. కాలరు బాగానే ఉంది. "వేళకు తిను" అంది. "ఫోన్ చెయ్యకపోతే కంగారు పడకు."

"ఎందుకు చెయ్యవు?"

"చేస్తాను. చెయ్యకపోతే అంటున్నా."

"చెయ్యకపోతే కంగారు పడతాను."

"పడు అయితే" అంది, ఈసారి కొంచెం నవ్వుతూ. మెట్లు దిగింది. ఏ అంతస్తులోనూ ఆగలేదు. కింద మరదలు ఏదో జోకేసింది, ఇద్దరూ నవ్వారు, ఆటో బయల్దేరింది.

తలుపేశాను. గదిలో నిలబడి, ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. వీపు మీద నుంచి ఏదో దిగినట్టు భుజాలు కిందికి జారాయి. ఊపిరి కడుపు దాకా వెళ్ళింది. ఎక్కడికీ పోనక్కర్లేదు. రేపు కార్ఖానా, ఎల్లుండి కార్ఖానా. ఇంత సుఖంగా ఉంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే వాళ్ళ చెంప పగలగొట్టి ఉండేవాణ్ణి.

వంటింట్లోకి వెళ్ళి ఒక్కడికి సరిపడా టీ పెట్టుకున్నాను. ఒక గుక్క తాగాను. చాలా బాగా కుదిరింది. అంత బాగా కుదరడం మీద నాకు పట్టలేని కోపం వచ్చి, మిగిలినదంతా సింకులో పారబోశాను. కాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత గిన్నె కడిగి మళ్ళీ పెట్టుకున్నాను. అదీ బాగానే కుదిరింది.